తవుడు సంచులు ఎత్తిన భుజం

కుడి భుజానికి మొదటి దెబ్బ చెరువు గట్టు మీద తగిలింది. వానకు గట్టు బురదై, మోటార్ సైకిల్‌తో సహా జారిపడ్డాను. ఆ రోజే చేపల పట్టుబడి. కైకలూరు నుంచి ఐసు లారీ వచ్చి నిలబడింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చేత ఇంజెక్షన్ చేయించుకుని వలల దగ్గరికి వెళ్లిపోయాను. రెండోసారి పడవ అంచు తగిలింది. అప్పుడు ఇంజెక్షన్ కూడా లేదు, పసుపూ సున్నమూ పట్టు వేసుకుని ఊరుకున్నాను. నొప్పిని లెక్కచేయకపోవడం గొప్పని నాకెవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను.

మా వైపు చిల్లుల సంచుల్లో తవుడు నింపి, పడవ మీద తీసుకెళ్లి, చెరువులో పాతిన గెడలకు కడతాం. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర తింటాయి. కిందటి వేసవిలో ఒక పొద్దున సంచి ఎత్తబోతే చెయ్యి లేవలేదు. మేతంతా నీళ్ల పాలయింది.

ఏలూరులో డాక్టరు గారు స్కానింగ్ చూశారు. ముందే వచ్చుంటే తేలిగ్గా పోయేదట. ఇప్పుడు తెగిన కండ కుంచించుకుపోయింది, కుడతాను గానీ చెయ్యి పూర్తిగా లేస్తుందని మాటివ్వలేనన్నారు. లేవకపోతే చెరువు వదిలేసుకోవాల్సిందే. నాకు వేరే పని రాదు. వాయిదా వేద్దామని నేను నసుగుతుంటే, మేత సంగతి తను చూసుకుంటానని మా ఆవిడ ఆపరేషన్‌కి ఒప్పించింది.

చెయ్యి పట్టీలో ఉన్నన్నాళ్లూ ఆవిడే చేప ముల్లు తీసి ముద్దలు పెట్టింది. తర్వాత పడవ వేసుకుని చెరువులోకి వెళ్లేది. నేను గట్టు మీద నుంచుని, ముడులు వదులుగా ఉన్నాయని కేకలేసేవాణ్ణి. ఆ కేకలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పట్టీ తీశాక గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి జరపమన్నారు. ప్రాణం పోయేంత నొప్పి. ఒక సాయంత్రం ఇక నావల్ల కాదని చతికిలబడ్డాను. మా ఆవిడ తడి చీరతోనే వచ్చి, నన్ను లేపి, “ఇలా పాకించండి, ఏం కాదు” అంటూ నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. ఆవిడ వేళ్లు నా వేళ్లకంటే కిందే ఆగిపోయాయి.

గభాలున చెయ్యి దించేసుకుంది. గుచ్చి గుచ్చి అడిగితే, తన భుజానికీ నొప్పి నా ఆపరేషన్‌కి ముందు నుంచే ఉందని చెప్పింది. రాత్రిళ్లు గదిలో వచ్చే నొప్పి మందు వాసన నా భుజానిదేననుకున్నాను ఇన్నాళ్లూ.

ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

“చెప్తే మీరు ఆపరేషన్ చేయించుకునేవారాండీ?” అంది.

చేయించుకునేవాణ్ణి కాదు. ముందు నీది చూపిద్దామని నాది ఎగ్గొట్టేవాణ్ణి. ఆ తర్వాత ఆవిడదీ చూపించేవాణ్ణి కాదు.