గేటు దగ్గర మాట

సుందర్ రాజ్ చేతికి రాని రాత లేదు. దువ్వాడలో ప్లాట్లు అమ్మేవాళ్ళకి బ్రోచర్లు, కోచింగ్ సెంటర్లకి కరపత్రాలు, యూట్యూబ్ వంటలకి మాటలు, ఏది అడిగితే అది. అడిగిన ప్రతివాళ్ళకీ సాయంత్రానికల్లా కావాలి. ఆ హడావుడిలోనే ఎక్కడో ఒక వాక్యం తనకోసం రాసుకుని, ఉంచుతారేమోనని ఆశగా పంపుతాడు. ఓసారి ప్లాట్ల బ్రోచర్‌ని కట్టబోయే ఇల్లే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. "ఈ కవిత్వం తీసేయండి సార్" అని మెసేజ్ వచ్చింది. తీసేశాడు. ఇరవై రెండేళ్ళుగా తీసేస్తూనే ఉన్నాడు పాపం.

కంచరపాలెంలో అతనెరిగిన క్రైస్తవ కుటుంబాల్లో ఎవరు పోయినా, జీవిత చరిత్ర రాసేదీ అతనే. భూస్థాపనకి ముందు చర్చిలో చదివే ఒక్క పేజీ అది. పుట్టుక, బాప్తిస్మం, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ప్రభువునందు నిద్రించిన తేదీ. పాత ఫైలులో పేర్లు మారిస్తే సరిపోతుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే వెనకవీధి మైఖేల్ గారు పోయారని కబురొచ్చింది. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. నాలుగింటికి భూస్థాపన. మధ్యాహ్నం రెండింటికి ఇంకో బ్రోచర్ గడువు. సుందర్ రాజ్ నోట్‌బుక్కు పట్టుకుని పరుగున వెళ్ళాడు. కూతురు అక్సా తేదీలన్నీ చెప్పింది. భార్య అప్పలమ్మ మాత్రం అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. షుగర్ వల్ల ఆమెకి పదేళ్ళ కిందటే చూపు పోయింది.

"మీరేటి రాసినా రాసుకోండి బాబూ. ఒక్క మాట మాత్రం ఇడిసిపెట్టకండి. డ్యూటీ నుంచొచ్చినా, బజారు నుంచొచ్చినా గేటు కొట్టీవోరు. ఎవులు అంటే, నానే అనీవోరు. సూపు పోనాక మొకం మరిసిపోనాను. ఆ మాటే నాకు ఆయన. సివరిసారి అది ఇనాల."

ఇంటికొచ్చి పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చబోయి ఆగిపోయాడు. ఈ పేజీలో కవిత్వం తీసేయమనేవాడెవడూ లేడు కదా అనిపించింది. పుట్టిన తేదీ తర్వాత చెప్పుకోవచ్చులే అని గేటు చప్పుడుతో మొదలుపెట్టాడు. రాస్తూంటే కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి నేను రాసింది రాతలా ఉందని లోపల గర్వపడ్డాడు, చావు కబురు రాస్తూ గర్వమేమిటని సిగ్గూ పడ్డాడు. ఇంతలో బ్రోచర్ వాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. గబగబా ఒకసారి సరిదిద్ది, రెండు ఫైళ్ళూ పంపించేశాడు.

చర్చిలో పాస్టరుగారు నిదానంగా చదివారు. "గేటు చప్పుడైతే, ఎవరు అని అడిగేవారు అప్పలమ్మ గారు. నేనే, అనేవారు మైఖేల్ గారు."

శవపేటిక పక్కన కూర్చున్న అప్పలమ్మ తలెత్తింది. ఆ మాట కోసమే పొద్దుట్నుంచి చెవులు అప్పగించి ఉంది.

"ఎవుల గురించే అది?" అని అడిగింది కూతుర్ని.

"నాన్న గురించేనమ్మా."

"కాదే. మీ నాన్న అలాగ అనరు," అని తల దించేసుకుంది.

రెండో వరసలో కూర్చున్న సుందర్ రాజ్‌కి తనేం చేశాడో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు "నాను" అన్నప్పుడల్లా బడిలో మాస్టారు అరచేతిమీద కొట్టి "నేను" అనిపించారు. అప్పట్నుంచి ఏ కాగితంమీద ఆ మాట కనబడినా అతని చెయ్యి దానంతటదే దిద్దేస్తుంది. ఇవాళా దిద్దేసింది. ఆ గుడ్డిమనిషికి మిగిలిన ఒక్క ఆనవాలునీ దిద్దేసింది. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది.

పాస్టరుగారు అప్పుడే తర్వాతి వాక్యం అందుకోబోతున్నారు. సుందర్ రాజ్ లేచాడు.

"అయ్యగారూ, ఆగండి. తప్పు నాది. ఆ మాట నేను పాడుచేశాను."

అందరూ తిరిగి చూస్తుండగా వెళ్ళి అప్పలమ్మ పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "మీరు రోజూ ఎలా అడిగేవారో అలా అడగండమ్మా," అన్నాడు.

 ఆమె పేటిక అంచు తడుముకుని, దానిమీద చెయ్యి వేసింది.

"ఎవులు?"

నలభై ఏళ్ళుగా ఆ మాట పలకని నోరు.

"నానే," అన్నాడు సుందర్ రాజ్.

అప్పలమ్మ ముఖం అతని వైపు తిరగలేదు, పేటిక వైపే ఉంది.

"గడియ తీసే ఉంది," అంది. "రండి."