బండల సందులో తేలు

నా చిన్నప్పుడు, దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున ఆరుంబావుకు, మా తాతయ్య లంకలోని పాకలో బండల సందున చెంబుడు నీళ్లు పోశాడు. అవి ఇంకేదాకా నేను ఆయన మొహం చూడలేదు.

లంక అంటే కృష్ణ మధ్యలో మేట వేసిన భూమి. వరద తీశాక కూరపాదులు పెట్టడానికి వెళ్లి, ఎండాకాలం చివరిదాకా మావాళ్లు ఆ పాకలో ఉండేవాళ్లు; సెలవులకు నేనూ వెళ్లేదాన్ని. వానల్లో అది ఏటిదే. అందుకే తాతయ్య నేలకు సిమెంటు వద్దని, ఇసుక పరిచి దానిమీద కడప బండలు ఊరికే పేర్పించాడు. ఏటా వరద తీయగానే గునపంతో ఒక్కొక్కటీ ఎత్తి, కింద చేరిన ఒండ్రు తీసి, ఇసుక ఆరాక మళ్లీ వేసేవాడు. వాటిని కొబ్బరి పీచుతో తోమడం నా పని. సెలవులన్నీ దానికే పోయేవి.

ఆ ఏడు పక్కింటి అక్క నన్ను బెజవాడ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తానంది. బండలు తోముతూ కూర్చుంటే వెళ్లడం కుదరదు. లంకకు చేరిన సాయంత్రమే, బండల సందులో తేలును చూశానని నాన్నతో చెప్పాను.

"ఏటా ఈ బండల పెళ్లేంటి నాన్నా? పిల్లని తేలు కుడితే ఏరు దాటించేదెప్పుడు? సిమెంటు పోయిద్దాం" అన్నాడు నాన్న.

"ముందు తేలుందో లేదో చూడనీరా" అన్నాడు తాతయ్య.

తెల్లారి చెంబు పట్టుకుని, "ఏదీ, ఎక్కడ చూశావమ్మా?" అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. నీళ్లు పడితే తేలు లోపల ఉండదు, పైకి వచ్చేస్తుంది. నాలుగు చీమలు తప్ప ఏమీ రాలేదు. రెండో చెంబు పోశాడు. అప్పుడూ రాలేదు.

"ఉందా?" అని బయటి నుంచి నాన్న అడిగాడు. అబద్ధమాడితే నాన్న చెయ్యి ఎలా లేస్తుందో మా ఇద్దరికీ తెలుసు.

తాతయ్య నావైపు చూశాడు. "ఉందిరా. చూశాను" అన్నాడు.

బండలు తీసేసి సిమెంటు పోశారు. నేను ఎగ్జిబిషన్‌కు వెళ్లి జెయింట్ వీల్ ఎక్కాను. మరుసటి ఏడు వరద అడుగున ఇసుకను కోసుకుపోయింది. గచ్చు బోలుపడి పగిలింది. కింద చేరిన తడి ఆరే దారి లేదు, ఎత్తి ఆరబెట్టడానికి ఇప్పుడు బండలు లేవు. మంచం మీద నిద్రపట్టని తాతయ్య ఆ చెమ్మలోనే చాప వేసుకున్నాడు. ఆ చలికాలం పట్టిన దగ్గు ఆయనను వదల్లేదు. నేలవల్లేనని డాక్టరు అనలేదు. నేను అనుకుంటాను. తేలు మాట మాత్రం తాతయ్య మళ్లీ ఎత్తలేదు.

వచ్చినవాళ్లకు ఆ గచ్చు చూపించి, కూతురి కోసం పోయించానని నాన్న చెప్పుకునేవాడు. పక్కనే ఉండి వినేదాన్ని. నాన్న ఈ మధ్యే పోయాడు. చివరిదాకా ఆ తేలును నమ్మాడు.

ఇప్పటికీ "చూశాను" అనబోయి ఒక క్షణం ఆగుతాను. తీసేసిన బండలు పాక వెనక పేర్చినట్టే ఉన్నాయి. వరద తీశాక వాటిని ఎవరూ తోమి ఆరబెట్టరు.