రెండో సగం నాది

మా చిన్నప్పుడు... ఎనిమిదో తరగతి రిజిస్టరులో నా పేరును ఎర్రసిరాతో కొట్టేశారు. పక్కన ‘కాపీ’ అని రాశారు. నేను కాపీ కొట్టలేదు. తొమ్మిదేళ్లయింది. ధర్మవరంలో ఈ రీడింగు రూముకు వచ్చి, ఈ గోడ పత్రిక చదివే వాళ్లందరికీ తెలియాలని రాస్తున్నాను.

అప్పుడూ పట్టుచీరలు నేసేదాన్ని, ఇప్పుడూ నేసేదాన్నే.

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాయనది. రెండోదాని మీద రోజూ సాయంత్రం బడి వదిలాక నేనూ, మా చిన్నాన్న కూతురు సరోజా కూర్చునేవాళ్లం. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే క్లాసు. అడ్డపోగును మోసుకుపోయే నాడెలు రెండు. చీర ఒడలు, అంటే నడుమ భాగం, నేసే నాడె సరోజది. అంచు నాడె నాది. ఆమె తోసేది... నేను తోసేదాన్ని. ఆమె తోయకుండా నేను తోసేందుకు లేదు. రెండేళ్లు అట్లా నేశాక చెయ్యికి అదే అలవాటైపోయింది.

ఆ ఏడు ఇంగ్లీషు అయ్యవారు పెనుకొండ కొండ గురించి ఒక వాక్యం చెప్పారు. ‘ద హయ్యర్ వి క్లైంబ్, ద హార్డర్ వి బ్రీద్.’ ఎంత పైకెక్కితే ఊపిరి తీసుకోవడం అంత కష్టం. ఇట్లాంటివి సొంతంగా పది రాయడం నేర్చుకోండి, పరీక్షలో అడుగుతాను అన్నారు.

మేం పెనుకొండ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. మాకు తెలిసిన కష్టం మగ్గమే. ఎండాకాలం పొడిగాలికి పట్టుపోగు ఊరికే తెగుతుంది. అతికిన కొద్దీ తెగుతుంది.

సరోజ నాడె తోస్తూ అనేది... ‘ద డ్రయర్ ద విండ్.’

నేను అంచు నాడె తోస్తూ అనేదాన్ని... ‘ద హార్డర్ ద వర్క్.’

‘ద ఫైనర్ ద థ్రెడ్...’ ‘ద స్లోవర్ ద హ్యాండ్.’ పోగు ఎంత సన్నమైతే చెయ్యి అంత నిదానం. పది వాక్యాలూ ఇట్లాగే కట్టాం. మొదటి సగం ఎప్పుడూ ఆమెది, రెండోది నాది.

మూలన కూర్చుని కండెలు చుట్టే మా అవ్వ నవ్వేది. “ఏమే, నాడెకు గూడా ఇంగ్లీషు నేర్పిస్తాండారా? రేపట్నుంచి అది నాతో మాట్లాడేది మానేస్తాదేమో!”

“నీకు తెలుగులో జవాబు చెప్తాదిలే అవ్వా,” అనేది సరోజ.

“ఆ... చెప్తాది. ముందు ఆ తెగిన పోగు చూడు.”

పరీక్షలో ఇద్దరం పదీ రాశాం. అవే పది... అదే వరస. ఇంకెట్లా ఉంటాయి? ఇద్దరం కలిసి కట్టినవే కదా. క్లాసులో సగం మంది అయ్యవారి కొండే ఎక్కి వచ్చారు. వాళ్లందరి పేపర్లోనూ ఆయన చెప్పిన కొండ వాక్యమే. వాళ్లది కాపీ కాలేదు. మాదయింది.

అయ్యవారు నన్ను లేపారు. “నువ్వే రాసుంటే మూడోది చెప్పు.”

నాకు వచ్చు. నోట్లోనే ఉంది. కానీ ముందు సగం వినబడందే నా నోరు తెరుచుకోలేదు. ఆమె నాడె రాకుండా నా చెయ్యి ఎట్లా కదలదో, అట్లాగే. నిలబడ్డాను. వేళ్లు మాత్రం లంగా మీద నాడె తోస్తున్నట్టు ఆడుతున్నాయి.

“ఏం, నోట్లో పోగు తెగిందా?” అన్నారు. క్లాసంతా నవ్వింది.

వెనక నుంచి సరోజ ఉండబట్టలేక మెల్లగా అంది... ‘ద ఫైనర్ ద థ్రెడ్...’

‘ద స్లోవర్ ద హ్యాండ్’ అని వెంటనే వచ్చేసింది నాకు. పెద్దగా. గడగడా.

“చూశారా? ఆమె అందిస్తేనే ఈమెకు వస్తుంది,” అన్నారు అయ్యవారు. అంతే... తీర్పు అయిపోయింది. రిజిస్టరులో నా పేరు మీద ఎర్రగీత పడింది.

మర్నాడు నాయన బడికి పోయాడు. చెప్పులు బయటే విడిచాడు. “అయివోరా, ఇద్దరూ ఒగే మగ్గం మీద కూచోని నేర్చుకున్యారు. ఇద్దరికీ ఒగే మాటలు రాక ఇంగేం వస్తాయి సామీ?”

“చీర ఇద్దరు నేస్తారయ్యా. పరీక్ష ఒక్కరే రాయాలి. అయినా ఆడపిల్ల... మగ్గం ఉంది కదా, ఇంగ్లీషు ఎందుకు?”

నాయన చెప్పులేసుకుని వచ్చేశాడు. మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు.

సరోజ చదువుకుంది. ఇప్పుడు పెనుకొండలో టీచరు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ రోజు నోరు తెరిచింది ఆమె ఒక్కతే. ఆ నోరు తెరిచినందుకే నా చదువు పోయిందని ఆమెకూ తెలుసు. అందుకే కాబోలు... ఇంటికి వచ్చినా మగ్గం ఉన్న గదిలోకి రాదు.

నేను ఈ రీడింగు రూములో కూర్చుని మిగతా ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. మెట్రిక్ ప్రైవేటుగా కడదామని పోతే, బడి ఇచ్చిన సర్టిఫికెట్టులోనూ ‘కాపీ’ అని ఉంది, కుదరదన్నారు. బడికి పోతే ఇప్పటి హెడ్మాస్టరు “పాత సంగతి కదమ్మా, ఇప్పుడెందుకు” అన్నారు. పాత సంగతి ఆయనకు. నాకు రోజూ కొత్తదే.

అవ్వ పోయింది. కండెలు ఇప్పుడు నేనే చుట్టుకుంటాను. ఒడలు నేసే నాడె ఇప్పుడు నాదే. అంచుకు వేరే పిల్ల వస్తుంది. మగ్గం మీద మాటలు లేవు... చప్పుడు మాత్రమే.

ఆ బడిలో మీలో ఎవరి పేరైనా ఇట్లా పోయి ఉంటే ఈ కాగితం పక్కన మీదీ అంటించండి.

హెడ్మాస్టరు గారూ, నన్ను ఒక్కదాన్నే ఒక గదిలో కూర్చోబెట్టండి. ఏదైనా అడగండి. రాస్తే ఆ ‘కాపీ’ అన్న మాట కొట్టేయండి... అదే ఎర్రసిరాతో. వచ్చే శుక్రవారం సాయంత్రం బడి గంట కొట్టేలోపల జవాబు కావాలి. ఇక్కడే, కింద స్థలం వదిలాను.

ఈలోగా ఒకటి చదువుకోండి.

‘ద లాంగర్ యు వెయిట్, ద హార్డర్ ఇట్ గెట్స్.’ ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టమవుతుంది.

రెండు సగాలూ నేనే రాశాను. పక్కన ఎవరూ లేరు.