యాసిడ్ గదిలో రెండో మనిషి

మందపాటి రబ్బరు గ్లోవ్స్ తొడుక్కున్నప్పుడల్లా లోపలి వాసన గుప్పున తగిలి పద్మక్క గుర్తొస్తుంది. ఆ వెంటనే, ఆవిడ ఇప్పుడు లేదన్న సంగతీ గుర్తొస్తుంది.

జర్మనీలోని కెమ్నిట్జ్ ఊళ్లో ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో ఆవిడ నా బాస్. కరీంనగర్ మనిషి. గాజును సైతం తినేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో మా పని. దాన్ని ఎవరూ ఒంటరిగా ముట్టుకోకూడదు, పక్కన రెండో మనిషి ఉండాలన్నది రూలు. నా పక్కన అక్కే కూర్చునేది, విరుగుడు మందు ట్యూబు ఒళ్లో పెట్టుకుని. "మాట్లాడుకుంట చెయ్యి. నీ గొంతు ఆగితే నాకు భయం" అనేది. "వీసా ఆఫీసుల అపాయింట్‌మెంట్ దొరికిందా? ఇంటాయన కిరాయి పెంచిండా? పొద్దున ఏం వండినవ్?" నేను విసుక్కున్నట్టు నటించేదాన్ని గానీ, నిజానికి యాసిడ్ పని ఉన్న రోజు కోసమే ఎదురుచూసేదాన్ని. ఆ ఊళ్లో నాతో తెలుగు మాట్లాడేది ఆవిడొక్కతే. శనాదివారాలు నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఒకరోజు మాట మధ్యలో ఆగిపోయాను. గ్లోవ్ లోపల వేలి చివర తడిగా అనిపించింది. "ఏమైందే, ఎందుకాగినవ్?" అంది అక్క. "చెమటేమో అక్కా. నొప్పి కూడా లేదు." "నొప్పి లేకపోవుడే దీనితోని పీడ! తెల్వకుంటనే ఎముక దాంక పోతది. నడువ్!" అంటూ కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. ధారగా నీళ్లు పడుతుండగానే గ్లోవ్ తీయించింది. దానికి సూదిమొనంత చిల్లు. తాను కొత్త గ్లోవ్స్ వేసుకుని నా వేలికి మందు రుద్దడం మొదలుపెట్టి, అంబులెన్సులో కూడా ఆపలేదు. నొప్పి అక్కడే మొదలైంది. "ఏడువు, పర్వాలే. గని మాట్లాడుతుండు" అంది. వేలు దక్కింది.

తర్వాతెప్పుడో అడిగాను, ఇంట్లో మీకు తోడెవరున్నారక్కా అని. "ఇంట్ల యాసిడ్ లేదు గదనే" అని నవ్వేసింది.

పోయిన చలికాలం ఒక శుక్రవారం ఇంటికెళ్లిన మనిషి సోమవారం రాలేదు. మేం ల్యాబ్ వాళ్లం వెళ్లి తలుపు తీయించేసరికి వంటగదిలో పడి ఉంది. గుండెపోటు. ఏ రోజు పోయిందో ఎవరికీ తెలియదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఆ వారమే మా ఎదురు ఫ్లాట్ తలుపు తట్టాను. అక్కడుండే ముసలావిడకూ నాకూ మెట్ల మీద "హలో" తప్ప అన్నాళ్లూ మాటల్లేవు. వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను: "ఇది నా ఇంటి తాళంచెవి. ఒక రోజంతా నా అలికిడి వినపడకపోతే తలుపు తీసి చూడండి." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏం చేయాలో తోచక గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపటికి వచ్చి, తన ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.