బ్లేడు పట్టని సందు

మొన్న ఆదివారం శంషాబాద్‌లో నా మోటారుసైకిల్‌ని సర్వీసింగ్‌కి ఇస్తూ, ఇంజను నెత్తిన వాల్వుల దగ్గరి టాపెట్లు కూడా ఒకసారి చూడమన్నాను. మెకానిక్ బండి స్టార్ట్ చేసి, తల వంచి కాసేపు విని, నా వంక జాలిగా చూశాడు. "సప్పుడే లేదు గదన్నా! మంచిగున్నదాన్ని గెలుకుడెందుకు?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేను మా చిన్నాయనతో అన్నాను.

చిన్నాయనది అక్కడికి దగ్గర్లోని మంఖాల్ ఊరు. రెండెకరాల్లో టమాటా వేసేవాడు. ఎవరో వాడి వదిలేసిన బండిని కొనుక్కుని, దాని వెనక టమాటా బాక్సులు కట్టుకుని తిరిగేవాడు. నెలకో రెండు నెలలకో ఒకసారి, ఇంజను చల్లగా ఉండగానే పొద్దున్నే లేచి, దాని నెత్తిన ఉండే రెండు చిన్న మూతలు విప్పేవాడు. లోపల గాలిని రానిచ్చే వాల్వు ఒకటి, పొగను పంపే వాల్వు ఒకటి. వాటికీ, వాటిని నొక్కే ఇనప చేతులకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందును కొలవడానికి ఆయన దగ్గర గడ్డం గీసుకునే బ్లేడే ఉండేది. దాన్ని సగానికి విరిచి లోపలికి దూర్చేవాడు. బ్లేడు కొంచెం పట్టి పట్టి జారిందా, ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోయేది. బ్లేడ్లన్నీ ఇంజనుకే పోవడంతో గడ్డం మాత్రం మాసి ఉండేది. "ఆ ఇంజన్ల ఎంత దీక్షగ సూస్తడో, నా మొకం గట్ల ఒక్కపారన్న సూసిండా?" అని చిన్నమ్మ నిష్ఠూరమాడేది.

"సప్పుడు చేస్తే భయం లేదురా, సందు ఎక్కువైనట్టు, అంతే. సప్పుడు బందైతేనే భయం. సందు మూసుకపోతే వాల్వు సరిగ మూతపడదు, మంట తగిలి కాలిపోతది" అని నాకు చెప్పేవాడు. నేను ఊకొట్టేవాణ్ణి.

తర్వాత ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. దవాఖానలో మందులిచ్చారు గానీ వణుకు తగ్గలేదు. బండి నా చేతికి వచ్చింది. "ఒకపారి మూతలిప్పి సూడు బిడ్డా" అని రెండుసార్లు గుర్తుచేశాడు. "సప్పుడే లేదు గద చిన్నాయనా, ఎందుకు పరేషాన్?" అన్నాను. నిజానికి ఇంజను అంత నిశ్శబ్దంగా నడుస్తుంటే నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆయన కూతురు, మా అక్క, డిగ్రీ అయ్యాక విమానాశ్రయంలో ఉద్యోగానికి పెట్టుకుంటే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండాలి. సర్టిఫికెట్ల కవరును గుండెకు అదుముకుని అక్క వెనక కూర్చుంది. మామిడిపల్లి దాటాక ఎత్తు ఎక్కుతుంటే బండి బలం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కిక్కు కొడితే రాడ్డు కాలికి ఏ బరువూ తగలకుండా కిందికి జారిపోయింది. లోపల ఒత్తిడే లేదు. ఇరవైసార్లు కొట్టి ఉంటాను. వచ్చిన ఆటోలన్నీ నిండుగా పోతున్నాయి. మా నెత్తిమీదుగా ఒక విమానం చక్రాలు దించుకుని, చేయెత్తితే అందేటంత కిందికి వచ్చింది. అంత దగ్గర్లో ఉన్నాం.

"తమ్మీ, ఇంకొక్కపారి కొట్టు" అంది అక్క, మెల్లగా. తిట్టినా బాగుండేది.

చివరికి ఒక నీళ్ల ట్యాంకరాయన ఆపి ఆమెను ఎక్కించుకున్నాడు. నేను రోడ్డు పక్కన బండి పట్టుకుని నిలబడ్డాను. చేయడానికి నాకింకేమీ మిగల్లేదు. అక్క చేరేసరికి తొమ్మిదిన్నర. "లిస్టు లోపటికి పోయిందమ్మా" అన్నాడట గేటు దగ్గరి మనిషి. అరగంట బతిమాలి, నడిచి వెనక్కి వచ్చింది.

మరునాడు పొద్దున చిన్నాయన నన్ను పిలిచి మూతలు విప్పమన్నాడు. బ్లేడు నా చేతిలోనే పెట్టాడు. గాలి వాల్వు దగ్గర జారింది. పొగ వాల్వు దగ్గర బ్లేడు మూల కూడా దూరలేదు. "పోతలేదు చిన్నాయనా" అన్నాను. ఆయన వణికే చేత్తో నా మణికట్టు పట్టుకుని, "సరే, ఇడువు" అన్నాడు. అంతే. బతికినన్నాళ్లూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు ఇంజను విప్పిన మెకానిక్, వాల్వు అంచు కాలిపోయిందని చూపించాడు. "ముందే సూపిస్తే కాలకుండ ఆగేదా?" అని అడిగాను. "ఏమో అన్నా, ఎప్పటిసంది కాలుతున్నదో ఎవలకెరుక?" అన్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

అక్క ఇప్పుడు క్యాబ్ డ్రైవర్లకు టిఫిన్లు చేసి అమ్ముతుంది. చేతినిండా పని, మొహంనిండా నవ్వు. ఆ రోజు మాట తెస్తే "ఇగ ఇడిసిపెట్టురా, గా నౌకరీ నాకొస్తుండెనని రాసున్నదా?" అంటుంది. రాసి లేదు. రాదని కూడా రాసి లేదు. అదే నాకు ఎటూ తేలదు.

నేను చేయాల్సిందల్లా ఒక్క పొద్దున మూతలు విప్పి చూడటమే. ఆ తర్వాత నాకు ఎన్ని వేల పొద్దుటిపూటలు దొరికాయో లెక్కలేదు. ఆ ఒక్క పొద్దున మాత్రం మళ్లీ దొరకలేదు.