బయటి కంప్యూటర్‌లో చూడుడు

2008 జూన్‌లో నేను విజయవాడలో చేపల రైతుల సహకార సమాఖ్య ప్రధాన కార్యాలయంలో విజిలెన్స్ సూపరింటెండెంటుగా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. విజిలెన్స్ అంటే పోలీసు పని కాదు. సొంత సంస్థలో తప్పు జరిగిందా అని చూసి, జనరల్ మేనేజరుగారికి ప్రాథమిక విచారణ నివేదిక ఇవ్వడం వరకే మా పని. శిక్ష సంగతి పైవాళ్లది. ఆ సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పనిపడిందా అనిపిస్తుంది. ఇంట్లో పాలు విరిగినా ఎవరు విరగ్గొట్టారా అని చూస్తానని మా ఆవిడ అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ నెల రెండో వారంలో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండ్ లెటరు, వన్ టౌన్ పోస్టాఫీసు ముద్ర, ఎడమచేత్తో రాసినట్టున్న వంకర అక్షరాలు. సమాఖ్య వెబ్‌సైటు రైతులకు దొరకడం లేదనీ, ఒక మందుల వ్యాపారి సైటు ముందుకొస్తోందనీ, సైటు చూసే ఆపరేటరు మస్తాన్ వలీ ఆ వ్యాపారికి అమ్ముడుపోయాడనీ అందులో ఉంది. నమ్మకపోతే సెర్చ్ ఇంజిన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ‘చేపల పేను మందు’ అని కొట్టి చూడమన్నాడు. చివరి వాక్యం ఇది: ‘పిదప మన సైటును ఆఫీసులో గాక బయటి కంప్యూటర్‌లో చూడుడు.’

సంతకం లేని ఉత్తరాలను మామూలుగా చెత్తబుట్టలో వేస్తాం. సరిచూసుకోదగ్గ విషయం ఏదైనా ఉంటేనే తీసుకోవాలని నియమం. ఇందులో రెండున్నాయి. మొదటిది అప్పుడే చూశాను. చెరువులో చేపకు పేను పడితే ఏం చెయ్యాలో మా సైటులో ఒక పేజీ నిండా ఉంది. కానీ సెర్చ్‌లో ఆరో పేజీ దాకా వెతికినా మా పేరు లేదు. అన్నిటికన్నా పైన ఆ వ్యాపారి ఉన్నాడు. మా శాస్త్రవేత్తలు చెప్పిన మోతాదుకు రెట్టింపు మందు పొయ్యమని అక్కడ రాసి ఉంది. అంత మందు పోస్తే పేనుతో పాటు చేప కూడా పోతుంది. కైకలూరు వైపు రైతులు నెట్ సెంటర్లలో కూర్చుని చూసేది ఆ పేజీనే.

మస్తాన్ వలీకి అప్పటికి ముప్ఫై దాటి ఉండవు. వన్ టౌన్‌లో ఒక ప్రెస్సులో శుభలేఖలు కంపోజ్ చేస్తూ, మా దగ్గరికి కాంట్రాక్టు మీద వచ్చాడు. ఏటా జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుంది, మళ్లీ కొత్త ఆర్డరు ఇస్తారు. పర్మనెంటు ఉద్యోగిని తియ్యాలంటే చార్జ్ మెమో, సంజాయిషీ, విచారణ అని చాలా తతంగం ఉంటుంది. కాంట్రాక్టువాడికి అవేవీ అక్కర్లేదు. ‘విశ్వసనీయత సందేహాస్పదం’ అని నా నివేదికలో ఒక్క ముక్క ఉంటే ఆ ఆర్డరు రాదు. ఆ జీతం మీద తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఆధారపడి ఉన్నారు.

ఆ వారమంతా అతన్ని కనిపెట్టి ఉన్నాను. ఎవరితో టీ తాగుతున్నాడు, ఫోన్ వస్తే వరండాలోకి ఎందుకు వెళుతున్నాడు, అన్నీ డైరీలో రాసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం గంటన్నర సీట్లో లేడు. నమాజుకు వెళతాడని ఆఫీసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అది కూడా రాసుకున్నాను. ఆ పంక్తి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో సంగతి సరిచూడటానికి గన్నవరంలో మా ఇంటి దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లాను. మా సైటు తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, గీతలు, తలకిందుల ప్రశ్నార్థకాలు పేజీ నిండా ఉన్నాయి. అదే పేజీ పొద్దున ఆఫీసులో చక్కగా తెలుగులో చదివాను. ఆఫీసులో పెద్దల కళ్లకు ఒకటి, బయట జనానికి ఇంకొకటి చూపిస్తున్నాడన్నమాట. అదేదో రహస్య భాషే అని తీర్మానించుకుని, నాలుగు పేజీలు ప్రింటు తీయించి, వాటి వెనకవైపు ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఊరికే అనలేదు.

సోమవారం మస్తాన్‌ని పిలిచి వాంగ్మూలం తీసుకున్నాను. ప్రశ్న, జవాబు రాసి, ప్రతి పేజీ కింద ఎదుటివాడి సంతకం తీసుకోవడం పద్ధతి. విచారణలో ‘మీరు’ అనడం కూడా పద్ధతే. రోజూ ‘ఏమయ్యా మస్తానూ’ అనేవాడిని ఆ రోజు ‘కూర్చోండి’ అన్నాను. అతని ముఖం పాలిపోయింది. ఎన్నో ఏళ్లుగా నేను దోషానికి సాక్ష్యంగా లెక్కవేసిన పాలిపోవడం అదే.

ప్రింట్లు బల్ల మీద పెట్టి ఇదేం భాష అని అడిగాను.

“తెలుగేనండీ,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. అతను కంగారుగా లేచి, నా కంప్యూటర్‌లోనే మా సైటులోంచి ఒక తెలుగు వాక్యం ఎత్తి, ఉత్త టైపింగ్ పేజీలో అతికించాడు. అవే చుక్కలు, అవే గీతలు వచ్చాయి. వాటికి ప్రెస్సులో వాడే ఫాంటు తగిలించాడు. మళ్లీ తెలుగయింది. అప్పుడు నిదానంగా చెప్పాడు. ప్రెస్సు ఫాంటులో ‘చే’ అనేది నిజంగా ‘చే’ కాదు. ఏదో ఇంగ్లీషు గుర్తు మీద ‘చే’ బొమ్మ వేసి ఉంటుంది. ఆ ఫాంటు ఉన్న మిషన్లో బొమ్మ కనిపిస్తుంది, లేనిదాంట్లో గుర్తు కనిపిస్తుంది. మా ఆఫీసులో అన్ని మిషన్లలో ఆ ఫాంటు ఉంది.

“సెర్చ్ ఇంజిన్‌కి బొమ్మతో పనిలేదండీ. అది గుర్తులే చదువుకుంటది. మన పేజీ దానికి పిచ్చిరాతే. పైగా మన పేజీలన్నిటి పేరూ ‘న్యూ పేజ్ వన్’ అనే ఉంది. ఆ వ్యాపారి పేజీ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ‘చేపల పేను మందు’ అండీ. ఆయన చేసిన మాయ అంతే.”

పేజీ మొదట్లో ఒక చిన్న వాక్యం చూపించాడు. ‘అక్షరములు కనిపించనిచో ఇక్కడ నొక్కి ఫాంటు దించుకొనగలరు.’ ఆ వాక్యం కూడా ప్రెస్సు ఫాంటులోనే ఉంది. అక్షరాలు కనిపించనివాడు దీన్నెలా చదువుతాడయ్యా అని అడిగాను. ‘మీరు’ అనడం మరిచిపోయాను.

“చదవలేడండీ. ముందు ఇంగ్లీషులోనే పెట్టానండీ. ఆఫీసులో అంతా తెలుగులోనే ఉండాలని మార్పించారు. అయ్యన్నీ నోట్ ఫైల్లో రాశానండీ, డిసెంబర్లో.”

ఫైలు తెప్పించాను. నోటు ఉంది. ఒకే పేజీ, శుభలేఖ అంత శుభ్రంగా ఉంది. పాఠమంతా యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అసలైన తెలుగు అక్షరాల్లోకి మార్చాలి. ప్రతి పేజీకి రైతులు వాడే మాటలతో, తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ పేరు పెట్టాలి. చేపల ఫొటోల కింద అది ఏ జబ్బో మాటల్లో రాయాలి. పైసా ఖర్చు లేదు, పదిహేను రోజుల పని. మార్పులు కాబట్టి ఆ నోటు విజిలెన్స్ అభిప్రాయానికి వచ్చింది. కింద ఇలా ఉంది: ‘పేజీల్లో మాటలు మార్చే వీలు కాంట్రాక్టు ఉద్యోగికి ఇచ్చుట భద్రము కాదు. ఉన్నది ఉన్నట్లు ఉంచవలెను.’ దాని కింద పొట్టి సంతకం నాదే.

రాసినట్టు గుర్తు కూడా లేదు. రోజుకు ముప్ఫై ఫైళ్ల మీద ఆ ధోరణిలోనే రాసేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవలసింది ఆ గదిలో నేనొక్కణ్ణే. మస్తాన్ ఆ సంతకం వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నివేదిక రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆఫీసు తెలుగులో ఒక సుఖం ఉంది, కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. మొదట ‘అభ్యంతరము తెలుపబడినది’ అని రాశాను. ఎవరు తెలిపారో దేవుడికే తెలియాలి. మర్నాడు అది కొట్టేసి ‘నేను అభ్యంతరం తెలిపాను’ అని రాశాను. ఆపరేటరు తప్పేమీ లేదనీ, డిసెంబరు నోటును అమలు చేయాలనీ సిఫార్సు చేశాను. జనరల్ మేనేజరుగారు చదివి, మీ పేరు మీరే రాసుకున్నారేంటండీ అని ఒకసారి నా వంక చూసి, సంతకం పెట్టారు. జూన్ 30న మస్తాన్‌కి కొత్త ఆర్డరు వచ్చింది.

జులైలో పని పూర్తిచేశాడు. వినాయక చవితి వెళ్లాక అవే మాటలు కొట్టి చూస్తే మా పేజీ మూడోది. దీపావళి దాటేసరికి వ్యాపారి మా కిందికి దిగాడు. సరైన మోతాదే రైతుకు ముందు కనబడసాగింది.

ఉత్తరం ఎవరు రాశారన్నది మాత్రం నన్ను వదల్లేదు. పగవాడైతే తిట్టి ఊరుకుంటాడు. ఏ మాట కొట్టాలో, ఎక్కడ కూర్చుని చూడాలో వరసగా చెప్పడు. బయటి కంప్యూటర్‌లో వేరేగా కనిపిస్తుందని ఆఫీసులో ఎవరికి తెలుసు? రిటైరయ్యే ముందు ఒక రోజు మస్తాన్‌ని ఆ మాటే అడిగాను.

“సంతకం పెట్టి నోటు రాస్తే ఆరు నెలలు ఎవరూ చదవలేదండీ,” అన్నాడు. “సంతకం లేని ఉత్తరమైతే మీరు చదువుతారని అందరూ అంటారు.”

మరి నీ పేరే ఎందుకు రాశావయ్యా అన్నాను.

“ఎవరో ఒకరి పేరు లేందే మీరు ఫైలు తెరవరు కదండీ. ఇంకొకరి పేరు ఎట్టా రాస్తానండీ?”

అది విచారణ కాదు కాబట్టి నేనేమీ రాసుకోలేదు. అప్పటికే రెండేళ్లుగా నా బల్ల మీదికొచ్చిన ప్రతి నోటునూ, కింద సంతకం ఉన్నా సరే, ఆకాశరామన్న ఉత్తరం చదివినంత శ్రద్ధగా చదువుతున్నాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే. నేర్పినవాడు కాంట్రాక్టు ఉద్యోగి.