పాటకు కూర్చున్న కోరలీ పెద్దమ్మ

మా కోరలీ పెద్దమ్మ ఒక్కసారి కూర్చుంటే ఆస్ట్రేలియా జాతీయగీతం సగంలో ఆగిపోయింది. ఆ అదురుకి సిడ్నీ వంతెన కాస్త వంగిందని కూడా విన్నాను.

జనవరి ఇరవై ఆరు, ఆస్ట్రేలియా దినం, ఊరికి పండగ; ఇక్కడి ఆదివాసులమైన మాకు కాదు. తెల్లవాళ్ల ఓడలు వచ్చిన రోజది. మా తాతల నేల చేజారడం అక్కడే మొదలైంది. అందుకే పెద్దమ్మ ఏటా ఆ పొద్దున్నే గాలాలు పట్టుకుని డార్లింగ్ నదికి పోతుంది. జెండాలు దించాకే ఇల్లు చేరుతుంది. నేను పట్టే చేపలు పడవంత ఉంటాయి కాబట్టి నన్నూ తీసుకెళ్తుంది.

మొన్నటి ఏడు సబీనా అడ్డుపడింది. నేపాల్ అమ్మాయి, వృద్ధాశ్రమంలో నర్సు. ఆఖరి నెలల్లో మా అమ్మమ్మకు చెంచాతో సూప్ తాగించింది తనే. ఆమె ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం సరిగ్గా ఆ రోజే పెట్టారు.

"ఆంటీ, నాకిక్కడ ఎవరూ లేరు. మీరు రావాలి."

"వేరే రోజు దొరకలేదా తల్లీ నీకు?"

"రోజు నేను పెట్టలేదుగా."

పెద్దమ్మ ఔననలేదు, కాదనలేదు. ఆ పొద్దున గాలాలు కారెక్కించింది, దించింది, మళ్లీ ఎక్కించింది. టీ పెట్టి, తాగకుండా పారబోసింది.

"పడుకోబోయే కుక్కలా తిరుగుతున్నావేంటి?" అన్నాను.

"నోరు మూసుకుని బండెక్కు."

కారు నదివైపు తిరక్కుండా మలుపు దాటిపోయింది. నేను నిజంగానే నోరు మూసుకున్నాను. ఊళ్లో ఎవరూ నమ్మరు.

ప్రమాణం జరిగే సభాభవనం బయట పెద్దమ్మ ఇంజను ఆపకుండా కూర్చుంది. "లోపలికెళ్తే మా అమ్మ ఏమనుకునేదో," అంది.

"వెళ్లకపోతే?"

పెద్దమ్మ ఇంజను ఆపింది. బురద బూట్లతోనే వంటింటి గుమ్మంలోంచి దూరి, సాసేజీలు వేయించేవాళ్ల పక్కన నిలబడింది. ప్రమాణం చదువుతున్న సబీనా తలెత్తి చూసింది. పెద్దమ్మ చివరి మాట దాకా నిలబడింది, చప్పట్లు కొట్టింది.

తర్వాత జాతీయగీతానికి అందరూ లేచారు. పెద్దమ్మ పాలసీసాల పెట్టె లాక్కుని దానిమీద కూర్చుంది.

వెనక్కి తిరిగిన ఒకాయన, "లేవమ్మా," అన్నాడు.

"నా లేవడం అయిపోయింది."

పాట ముగియగానే సబీనా వచ్చి ఆ పెట్టె పక్కన నేలమీదే చతికిలబడింది.

పాట ఆగిందనే ఎక్కడైనా చెప్తాను. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోదు: "ఆగలేదురా. మొత్తం పాడారు. ఆ పిల్ల కోసం నిలబడ్డా, పాటకు కూర్చున్నా. వచ్చే ఏడు చేపలకే పోతా."